పార్కిన్సన్ వచ్చినవారి మాటకూ మింగుడుకూ మన జిల్లాల్లో వైద్యం పెట్టండి

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, కాకినాడ జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారులకు నమస్కారాలు.

పార్కిన్సన్ జబ్బుతో మాట పడిపోతున్నవారికి, మింగడం కష్టమవుతున్నవారికి మన డెల్టాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపీ ఏర్పాటు చేయమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. నేను ఏఎన్ఎంగా పనిచేసి రిటైర్ అయ్యాను. లంక గ్రామాల్లో పడవ దిగి టీకాలు వేసిన ఉద్యోగం నాది. ఇప్పుడు మా వారికి పార్కిన్సన్ ఉంది. అందుకే ఆసుపత్రి బల్లకు ఇటువైపు కూర్చున్నవారి అవసరమూ, అటువైపు ఉన్నవారికి సాధ్యమయ్యేదేమిటో కూడా తెలిసే అడుగుతున్నాను.

ఈ జబ్బును మన ఊళ్లలో వణుకుడు జబ్బు అంటారు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని మొదటిసారి వివరంగా వర్ణించినప్పుడు ఆయన పెట్టిన పేరులోనూ వణుకే ఉంది. దాంతో అందరి చూపూ చేతి మీదే నిలిచిపోయింది. నిజానికి మెదడులో కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతున్నకొద్దీ మనిషి కదలికలన్నీ చిన్నవైపోతాయి. అడుగు చిన్నదవుతుంది. చేతిరాత చిన్నదవుతుంది. ముఖంలో నవ్వూ కోపమూ కనిపించడం తగ్గుతుంది. మాట కూడా కదలికే. ఛాతీ, స్వరపేటిక, నాలుక, దవడ, పెదవులు కలిసి చేస్తేనే మాట పుడుతుంది. అందుకే ఈ జబ్బు ఉన్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఏదో ఒక దశలో గొంతో మాటో దెబ్బతింటుంది. గొంతు సన్నగిల్లుతుంది, బొంగురుపోతుంది, ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరుగా సాగుతుంది. కొందరికి మాటలు ఒకదాని మీద ఒకటి పరుగెడతాయి. కొందరు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతారు. మరికొందరికి మాట పలకడంతో పాటు సరైన పదం తట్టడమూ, జవాబు కూర్చుకోవడమూ ఆలస్యమవుతుంది.

మా వారిది కొబ్బరి వ్యాపారం. అంబాజీపేట మార్కెట్‌లో బేరమంతా నోటి మీదే నడుస్తుంది, ఇప్పుడు ఫోను మీద. గొంతు తగ్గాక అవతలివాళ్లు రెండుసార్లు హలో అని ఫోను పెట్టేయడం మొదలుపెట్టారు. ముఖంలో కదలిక లేకపోవడంతో ఈయనకు బేరం ఇష్టం లేదనుకున్నవాళ్లు ఉన్నారు. మాట ముద్దగా వస్తోంది కాబట్టి పొద్దున్నే తాగి వచ్చాడని అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి ఆయన. ఆ మాట చెవిన పడ్డాక మార్కెట్‌కు వెళ్లడమే మానుకున్నారు. తర్వాత పెళ్లిళ్లకు, ఆ తర్వాత రామాలయం అరుగు మీదికి. ఈ జబ్బు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే వరుస కనిపిస్తుంది. మనిషి నడవగలుగుతూనే ఊళ్లో లేనివాడైపోతాడు.

ఇందులో మన భాషకు సంబంధించిన ఇబ్బంది ఒకటి ఉంది. దాన్ని ఎవరైనా పట్టించుకోవాలని నా కోరిక. వాక్యం మొదట్లో ఉన్న బలం చివరికి వచ్చేసరికి తగ్గిపోవడం ఈ జబ్బులో తరచుగా కనిపిస్తుంది. తెలుగు వాక్యంలో అసలు సంగతి చివరనే ఉంటుంది. 'రేపు లారీ పంపిస్తాను' అన్నారో 'పంపించను' అన్నారో, 'డబ్బు ఇచ్చారు' అని చెబుతున్నారో 'ఇచ్చారా' అని అడుగుతున్నారో తేలేది ఆఖరి అక్షరాల్లోనే. అవి వినపడకపోతే ఔను కాదవుతుంది, ప్రశ్న జవాబవుతుంది. వ్యాపారంలో అయితే డబ్బు పోతుంది. ఆసుపత్రిలో అయితే 'మాత్ర వేసుకున్నాను', 'వేసుకోలేదు' అన్న రెండూ ఒకేలా వినపడతాయి. అందుకే ఎక్కడో ఇంగ్లీషులో తయారైన అభ్యాసాలను మాటకు మాట తెలుగులోకి మార్చి మా చేతిలో పెడితే సరిపోదు. క్రియను చివరిదాకా మోయడం, దీర్ఘాన్ని దీర్ఘంగా, ఒత్తును ఒత్తుగా పలకడం సాధన చేయించే పాఠాలు కావాలి.

మందులు ఉన్నాయి కదా అని మీలో ఎవరైనా అనవచ్చు. లెవోడోపా మాత్ర చాలామందికి కాళ్లూ చేతులూ తిరిగి ఇచ్చింది. మా ఇంట్లోనూ ఇచ్చింది. కానీ నడకకు పనిచేసినంత నమ్మకంగా అది మాటకు పనిచేయదు. మెదడులో తీగలు పెట్టే శస్త్రచికిత్స తర్వాత వణుకు తగ్గి, మాట ఇంకా పాడైనవారూ ఉన్నారు. మాటకు వేరే వైద్యం ఉంది. అది చేతులతో, చెవులతో, ఓపికతో చేసేది. మా వారిని చూసిన పెద్ద ఆసుపత్రిలో మందులు శ్రద్ధగానే రాశారు. మాట గురించి మాత్రం ఎవరూ అడగలేదు. ఆయన తరఫున జవాబులన్నీ నేనే చెబుతుంటే, ఎందుకలా అని కూడా ఎవరికీ అనుమానం రాలేదు. స్పీచ్ థెరపీ అంటే మాటలు రాని పసిపిల్లలకే అన్న అభిప్రాయం చదువుకున్నవారిలోనూ బలంగా ఉంది.

ఈ వైద్యం ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా రాస్తాను. పార్కిన్సన్ ఉన్నవారిలో చాలామందికి తమ గొంతు తగ్గిందని తెలియదు. 'నేను గట్టిగానే చెబుతున్నాను, నీకే చెవుడు' అని భార్యతో గొడవపడేవారు చాలామంది. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో లోపల కొలుచుకునే కొలతే వాళ్లలో తప్పింది. మామూలు స్థాయిలో మాట్లాడమంటే అరుస్తున్నట్టు అనిపించి సిగ్గుపడతారు. ఆ కొలతను మళ్లీ సరిచేయడానికే లీ సిల్వర్‌మన్ వాయిస్ ట్రీట్‌మెంట్ అనే పద్ధతి వచ్చింది. 1987లో అమెరికాలో మొదలైంది. లీ సిల్వర్‌మన్ అంటే పార్కిన్సన్ ఉన్న ఒక ఆవిడ. ఆవిడ పేరే దానికి పెట్టారు. ఆవిడ మాట తమకు వినపడితే చాలన్నది ఆ ఇంటివాళ్ల కోరిక. ఇందులో గురి ఒక్కటే, గొంతు పెంచడం. 'ఆ' అని గుండె నిండా గాలి తీసుకుని సాగదీయడం, స్వరాన్ని పైకి, కిందికి తీసుకువెళ్లడం, రోజూ వాడే పది వాక్యాలను గట్టిగా పలకడం, తర్వాత చదవడం, చివరికి సంభాషణ. ఆ పది వాక్యాలు ఎవరివి వారివే. మా వారి పట్టికలో 'కాయ ఎంత పలుకుతోంది?' అన్నది మొదటిది. గొంతు పెరిగితే నాలుకా పెదవులూ కూడా పెద్దగా కదులుతాయి, మాట స్పష్టమవుతుంది. ముఖంలో కొంత కదలిక కూడా వస్తుంది.

అసలు విషయం మోతాదులో ఉంది. వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట, నాలుగు వారాలు. మొత్తం పదహారు గంటలు, దానికి తోడు ఇంట్లో రోజూ సాధన. ఇంత పట్టుబట్టి చేయాలా అన్న సందేహానికి బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష జవాబు చెప్పింది. 388 మంది పార్కిన్సన్ రోగులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఈ పద్ధతి, ఒక జట్టుకు అక్కడి ప్రభుత్వ వైద్యసేవలో మామూలుగా దొరికే స్పీచ్ థెరపీ, మూడో జట్టుకు ఆ సమయంలో ఏదీ లేదు. ఫలితాలు 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. మూడు నెలల తర్వాత, గొంతు వల్ల పడే ఇబ్బంది ఈ పద్ధతిలో సాధన చేసినవారికి మిగతా రెండు జట్లకంటే తగ్గింది. మామూలు థెరపీ పొందినవారికీ ఏమీ పొందనివారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. సాధన చేసినవారిలో కొందరికి గొంతు అలసట వచ్చిందని కూడా ఆ పరీక్షే చెప్పింది. అందుకే ఇది శిక్షణ ఉన్నవారి చేతి మీదుగా జరగాలి. వీడియో చూసి ఇంట్లో అరిస్తే వచ్చేది కాదు. నెలకోసారి పిలిచి, కాగితం మీద నాలుగు అభ్యాసాలు రాసిచ్చి, సేవ అందించామని లెక్కలో చూపించడం మాత్రం దయచేసి చేయవద్దు. సగం మోతాదు యాంటీబయాటిక్ ఇచ్చి పంపే పద్ధతిని మీరు ఏ పీహెచ్‌సీలోనూ ఒప్పుకోరు.

మాట కంటే అత్యవసరమైనది మింగుడు. దీని గురించి నేను గట్టిగా రాయాలి, ఎందుకంటే ఇది ప్రాణాల మీదికి వస్తుంది. పార్కిన్సన్ ఉన్నవారి మరణాలకు ముఖ్య కారణాల్లో న్యుమోనియా ఒకటి. తిన్నదీ తాగినదీ ఊపిరితిత్తుల్లోకి జారడం వల్ల వచ్చే న్యుమోనియా. మన ఇళ్లలో ఎవరికైనా పొలమారితే నెత్తి మీద తట్టి, ఎవరో తలచుకుంటున్నారంటాం. ఈ జబ్బు ఉన్న మనిషికి రోజూ భోజనంలో పొలమారుతుంటే అది తలపు కాదు, హెచ్చరిక. ఇంకా భయపెట్టేది ఏమిటంటే కొందరికి దగ్గు కూడా రాదు. చప్పుడు లేకుండా జారిపోతుంది. నీళ్లు తాగాక గొంతు తడిగా, గరగరమని పలకడం, భోజనానికి గంటసేపు పట్టడం, బరువు తగ్గడం, కారణం తెలియని జ్వరం పదేపదే రావడం, ఇవి చూసి పట్టుకోవాలి. నోట్లోంచి లాలాజలం కారడమూ ఇందులో భాగమే. అది ఎక్కువగా ఊరడం వల్ల కాదు, మింగడం తగ్గడం వల్ల. ఆ కారణం తెలియక ఎంతమంది పెద్దలు కండువా మూతికి అడ్డుపెట్టుకుని నలుగురికీ దూరంగా కూర్చుంటున్నారో నేను చూస్తూనే ఉన్నాను.

మన వంటలో ఏది ప్రమాదమో చెప్పేవారు కూడా కావాలి. చారన్నంలో మెతుకులు ఒక వేగంతో, చారు ఒక వేగంతో జారతాయి. మింగుడు చెడినవారికి అలా కలిసిన తిండి కష్టం. పల్చటి మజ్జిగ కంటే గట్టి పెరుగన్నం మెత్తగా కలిపితే చాలామందికి తేలిక. జంతికలు, పొడిపొడిగా రాలే అటుకులు, ముళ్లు ఎక్కువ ఉన్న చేప జాగ్రత్త. గోదారి ఒడ్డున పుట్టినవారిని పులస మానేయమనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఏది మానాలి, ఏది ఎలా మార్చి తినాలి అన్నది మనిషిని పరీక్షించి చెప్పాలి తప్ప అందరికీ ఒకే జాబితా ఇవ్వకూడదు. మాత్ర పనిచేస్తున్న వేళలో భోజనం పెట్టడం, గడ్డం కాస్త దించి మింగడం కొందరికి మేలు చేస్తుంది, మరికొందరికి చేయదు. పరీక్షించకుండా చెప్పే సలహా నా వంటి ఏఎన్ఎం చెప్పినా ప్రమాదమే.

ఇప్పుడు మీరు చేయగలిగినవి.

స్పీచ్ థెరపిస్టు ప్రభుత్వ వ్యవస్థకు కొత్త కాదు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో పిల్లల కోసం ఆ పోస్టు ఉంది. పద్దెనిమిదేళ్లు దాటినవారికి ఆ తలుపు మూసి ఉంది. పిల్లల సమయాన్ని కోసి పెద్దలకు ఇవ్వమని నేను అడగను. అది ఒక అన్యాయాన్ని తీసి ఇంకొకరి నెత్తిన పెట్టడమే. పెద్దల కోసం వేరే పోస్టు మంజూరు చేయండి. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల అనుబంధ ఆసుపత్రి ఉంది. రాజమహేంద్రవరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ఈ రెండు చోట్లా, అమలాపురం, భీమవరం ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఒక్కొక్క గది, ఒక్కొక్క థెరపిస్టు. పార్కిన్సన్‌తో పాటు పక్షవాతం వచ్చి మాట పోయినవారికీ అదే గది పనికివస్తుంది కాబట్టి ఏ రోజూ ఖాళీగా ఉండదు. పునరావాస మండలిలో నమోదైన థెరపిస్టులను తీసుకుని, పార్కిన్సన్‌కు ప్రత్యేకమైన ఈ పద్ధతిలో శిక్షణ ఇప్పించండి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటివి తోడు ఉన్నాయి. తెలుగు పాఠాలు తయారుచేసే పనిని వారికీ మన విశ్వవిద్యాలయాల భాషాశాస్త్ర విభాగాలకూ కలిపి అప్పగించవచ్చు.

దూరం సంగతి ఆలోచించకుండా ఈ పథకం నిలవదు. అంతర్వేది వైపు నుంచి, సఖినేటిపల్లి నుంచి వారానికి నాలుగు రోజులు బస్సెక్కి కాకినాడ రమ్మంటే ఎవరూ రారు. దారిలో మాత్ర ప్రభావం దిగిపోతే మనిషి బస్సు మెట్టు మీదే బిగుసుకుపోతాడు. వరద రోజుల్లో లంకల నుంచి పడవలే ఆగిపోతాయి. మొదటి పరీక్ష ఆసుపత్రిలో ముఖాముఖిగా చేసి, మిగిలిన సాధనను గ్రామ ఆరోగ్య కేంద్రం నుంచి వీడియో ద్వారా చేయించండి. ఈ చికిత్సను దూరం నుంచి ఇచ్చినా ఎదురుగా కూర్చుని ఇచ్చినదానికి తీసిపోదని ఆస్ట్రేలియాలో 2011లో వచ్చిన అధ్యయనం చూపింది. దూరం నుంచే డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని మొదలైన నాటి నుంచి మన రాష్ట్రం దాన్ని బాగా వాడుకుంది. అదే తెర, అదే ఇంటర్నెట్. ఒక్క జాగ్రత్త ఉంది. మామూలు వీడియో కాల్‌లో యంత్రం తనంతట తానే శబ్దాన్ని సరిచేసి వినిపిస్తుంది. రోగి గొణిగినా అవతల థెరపిస్టుకు బాగానే వినపడుతుంది. అందుకే రోగి పక్కన శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలిచే చిన్న మీటరు పెట్టి, అంకె చదివి చెప్పే మనిషి ఉండాలి. ఆ పని గ్రామ ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది నేర్చుకోగలరు. మేము ఇంతకంటే కష్టమైనవి నేర్చుకున్నాం.

నాడీవైద్య నిపుణులకు ఒక మాట. పార్కిన్సన్ అని నిర్ధారించిన రోజే చీటీలో మందుల కింద స్పీచ్ థెరపీ అని రాయండి. గొంతు పూర్తిగా పోయాక పంపితే చేయగలిగింది తగ్గిపోతుంది. ఆశా కార్యకర్తలు ముప్పై ఏళ్లు దాటినవారిని అడిగే ప్రశ్నల పత్రంలో గొంతులో మార్పు వచ్చిందా అన్న ప్రశ్న ఇప్పటికే ఉంది. అది నోటి క్యాన్సర్ అనుమానం కోసం పెట్టింది. దాని పక్కనే 'తింటుంటే తరచూ పొలమారుతోందా' అని ఒక్క ప్రశ్న చేర్చి, నడక నెమ్మదించినవారిలో ఈ రెండూ కనిపిస్తే పైకి పంపమని చెప్పండి. వైకల్య ధ్రువపత్రాలు ఇచ్చే సదరం శిబిరాల్లో చేతిని, కాలిని చూసినంత శ్రద్ధగా మాటనూ మింగుడునూ పరీక్షించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్ ఉంది, మాట, భాషా వైకల్యమూ ఉంది. అదే చట్టం పునరావాస సేవలను ప్రభుత్వ బాధ్యతగా పెట్టింది. మా ప్రాంతంలో ఈ బాధ్యత ఇంతవరకూ ఎవరికి వారు డబ్బు పెట్టుకునే విషయంగానే ఉంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం కట్టినది. చేరాల్సిన అవసరం లేని ఈ పదహారు గంటల సాధనను కూడా ఒక ప్యాకేజీగా అందులో చేర్చండి. న్యుమోనియాతో ఐసీయూలో చేర్చి చేసే ఖర్చుతో దీన్ని పోల్చి చూడమని మీ ఆర్థిక విభాగాన్ని అడగండి.

నెల చికిత్స ముగిశాక సాధన ఆగితే గొంతు మళ్లీ జారుతుంది, ఎందుకంటే జబ్బు ఆగదు. ఆ తర్వాత కావలసింది తోడు. హరికథ, పద్యనాటకం, భజన మన జిల్లాల్లో ఇంకా బతికే ఉన్నాయి. కపిలేశ్వరపురంలో హరికథ నేర్పే పాఠశాల కూడా ఉంది. పాట థెరపీకి బదులని నేను అనను, అలా నమ్మించి చికిత్స ఎగ్గొట్టడం తప్పు. కానీ వారానికి ఒకసారి నలుగురూ చేరి గొంతెత్తి పద్యం చదివే చోటు ప్రతి మండలంలో ఉంటే, నేర్చుకున్నది నిలబడుతుంది. కొత్తగా జబ్బు తెలిసినవాళ్లకు ధైర్యమూ వస్తుంది.

డబ్బు పెట్టుకుని బయట చికిత్స చేయించుకోగలిగిన కొద్దిమందిలో మేము ఉన్నాం. మా వారు ఇప్పుడు మళ్లీ ఫోనులో ధర అడుగుతున్నారు. వంద శాతం కాలేదు, సాయంత్రానికి గొంతు అలసిపోతుంది, అయినా అవతలివాళ్లు జవాబు చెబుతున్నారు. మా వీధిలోనే, మా కంటే పేద ఇంట్లో, ఇదే జబ్బుతో ఒక పెద్దాయన రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. ఇద్దరి జబ్బూ ఒకటే. తేడా అంతా డబ్బుదే. ఆ తేడాను నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

ఏటా ఏప్రిల్ 11న ప్రపంచ పార్కిన్సన్ దినం జరుపుతారు. రాబోయే ఆ రోజుకు ర్యాలీ, బ్యానరు వద్దు. నాలుగు ఆసుపత్రుల్లో మొదటి గది ఎక్కడ తెరుస్తారో, థెరపిస్టు ఏ తేదీ నుంచి కూర్చుంటారో రాతపూర్వకంగా ప్రకటించండి. మా మండలంలో ఈ జబ్బు ఉన్నవారు ఎవరెవరో, ఎవరికి పొలమారుతోందో, ఎవరి ఇంటికి పడవ దాటి వెళ్లాలో ఇంటింటికీ తిరిగి రాసే పని నాకు అప్పగించండి. జీతం అక్కరలేదు, ఒక రిజిస్టరు ఇస్తే చాలు.

ఇట్లు,
విశ్రాంత ఏఎన్ఎం,
కోనసీమ